అలిగినట్టు ముడుచుకునే అలుగు

అలుగు అనగానే మనకు చెరువు నిండి పొర్లే చోటు స్ఫురిస్తుంది. లేదా అలకపాన్పు ఎక్కిన అల్లుడు. ఖమ్మం దాటి భద్రాచలం వైపు సాగే అడవులలో ఆ పేరుగల జంతువు కూడా ఉన్నదని ఎందరికి తెలుసు? పత్రికలలో అది 'పాంగోలిన్'. అదీ ఎవరి సంచిలోనో పట్టుబడిన రోజుననే. ఒక ప్రాణి మనకు కేవలం నేరవార్తగా పరిచయం కావడం నాకు బాధ కలిగిస్తుంది.

దక్షిణ అమెరికాలోని పెద్ద చీమలతిండి జంతువును మన పిల్లలు టీవీలో చూసి గుర్తుపడతారు. అలుగుకూ దానికీ పోలికలు అనేకం: దంతాలు లేని నోరు, పొడవైన జిగురునాలుక, పుట్టలను పెళ్ళగించే గోళ్ళు. అయినా అవి చుట్టాలు కావు. తిన్న తిండే రెండు ఖండాలలో రెండు వంశాలను ఒకే తీరుగా మలచింది. అయితే క్షీరదాలలో ఒంటినిండా పొలుసులు గలవి అలుగు జాతులే. ఇది రాత్రివేళ తిరిగి చీమలను, చెదలను మింగుతుంది. నమిలే పనిని కడుపులోని చిన్న రాళ్ళు చేస్తాయి. సాధారణంగా ఈతకు ఒక్కటే పిల్ల. తల్లి తోకపై ఎక్కి తిరుగుతుంది. కనుక ఒక తల్లి పోతే ఆ లోటు త్వరగా తీరదు.

ఆపద వస్తే అలుగు అలిగినట్టు బంతిలా ముడుచుకుంటుంది. చిరుతపులి కోరలకు అది చాలావరకు లొంగదు. మనిషికి మాత్రం సంచిలో వేసుకోవడానికి మరింత సులువవుతుంది! ఏ పొలుసుల కోసం దానిని చంపుతున్నారో అవి కెరటిన్, అంటే మనం కత్తిరించి పారవేసే గోళ్ళ పదార్థమే.

చట్టం లేదనలేము. మన 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం దీనికి అత్యున్నత రక్షణ ఇచ్చింది. అన్ని అలుగు జాతుల అంతర్జాతీయ వ్యాపారాన్నీ నిషేధించాలని 2016లో సైటీస్ సభ్యదేశాలు నిర్ణయించాయి. చైనా 2020లో తన అధికారిక ఔషధ గ్రంథం నుండి ఈ పొలుసులను తొలగించింది. అయినా వేట ఆగలేదు.

అడవి అంచున పట్టుబడినవాడిని నేను వెనకేసుకురావడం లేదు. కానీ కథ అతనితోనే ముగిసిందనుకోవడం అన్యాయం. కొనేవాడు లేనిదే పట్టేవాడు ఉండడు. ఆ కొనేవాడి పేరు వార్తలో అరుదుగా కనిపిస్తుంది.

చట్టం పని చట్టం చేయాలి. మన వంతు పని మరొకటి ఉన్నది. పేరు తెలియని ప్రాణి కోసం ఎవరూ దుఃఖించరు. మిత్రులారా, ఈసారి రాసేటప్పుడు దానిని అలుగు అనే రాద్దాం. మీ ప్రాంతంలో దీనికి మరో పేరుంటే చెప్పండి.