గృహిణీ గోష్ఠి: కారణము తెలియని గుండెదడ

గడచిన మాసమున మనము ఊరగాయల జాడీలను గూర్చి ముచ్చటించుకొంటిమి. ఈ మాసము మఱియొక జాడీ మూత తీయవలసివచ్చినది. రెండు సంవత్సరములుగా నేను వాసెన గట్టి దాచిన సంగతి యిది. దాచుటవలన నాకు మేలు కలుగలేదు సరికదా, నా బిడ్డకు కీడు కలిగినది. అందుచేతనే మీతో చెప్పుచున్నాను.

రెండేండ్ల క్రిందట శ్రావణమాసమున, వరలక్ష్మీవ్రతమునకు ముందునాటి సాయంకాలము, నేను వసారాలో కూర్చుండి కనకాంబరములు మాల కట్టుచుంటిని. మనస్సున కోపము లేదు, తొందర లేదు, బరువెత్తినదియు లేదు. హఠాత్తుగా గుండె రోకటిపోటువలె కొట్టుకొనసాగినది. తల పగిలిపోవునంతటి నొప్పి, ఒడలెల్ల చెమట, చేతులు చల్లబడి వణకు. దారము చేతినుండి జాఱిపోయినది. ప్రక్కయింటివారి రక్తపోటు యంత్రము తెచ్చి చూడగా పై అంకె 190, క్రింది అంకె 110, నాడి నిమిషమునకు 140. అరగంట గడచునప్పటికి అంతయు సద్దుమణిగినది. వైద్యుని యొద్దకు చేరి చూపించుకొనునప్పటికి 124, 78! ఆయన నవ్వి, "ఏమీ లేదమ్మా, కంగారు తగ్గించుకోండి" అని పంపివేసిరి.

అటుపిమ్మట నెలకు ఒకటి రెండు పర్యాయములు ఇట్లే వచ్చుచుండెను. మా అత్తగారు దిష్టి యని ఉప్పు మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసిరి. ఆడబిడ్డ మాత్రము, "పండుగ పని మీద పడేసరికే వదినకు దడ వస్తుంది" అనెను. ఆ మాట నన్ను గుండెదడకంటె ఎక్కువగా బాధించినది. ప్రబంధములలో నాయికకు గుండె యదరినచో చెలికత్తెలు చందనము పూసి, తామరాకులతో విసరుదురు. నాకు కాకరకాయలు తరుగుచుండగా వచ్చినది కనుక కాబోలు, విసరువారు లేకపోయిరి.

మావారు బడిపంతులు. హాజరుపట్టీ లేనిదే ఆయనకు ఏ సంగతియు నిశ్చయము కాదు. ఒకనాడు ఒక నోటుపుస్తకమునకు గీతలు గీసి నా చేతికిచ్చి, "నీవు చెప్పేది ఎవరూ నమ్మనక్కరలేదు, ఇది చెప్పనీ" అనిరి. తేది, వేళ, అప్పుడు చేయుచున్న పని, తిన్నది త్రాగినది, వేసికొన్న మందు, నెలసరి దినములు, రక్తపోటు, నాడి, ఎంతసేపుండినది, ఈ గడులన్నియు అందులో నుండెను. ఒక యంత్రమును కూడ కొంటిమి.

యంత్రముతో చూచుటకును ఒక పద్ధతి కలదు. చూచుటకు అరగంట ముందు కాఫీ త్రాగరాదు. మూత్రవిసర్జన చేసి, అయిదు నిమిషములు మాటలాడక, వీపునకు ఆనిక యుంచి, పాదములు నేలకు ఆనించి కూర్చుండవలెను. చేయి గుండె యెత్తున బల్లపై నుండవలెను. పట్టీని రవికె చేతిమీద కట్టరాదు. ఒట్టి చేతికే కట్టవలెను. లావైన చేతికి చిన్నపట్టీ కట్టినచో అంకె లేనిపోని హెచ్చు చూపును. నిమిషము వ్యవధితో రెండు పర్యాయములు చూచి రెంటిని వ్రాసికొనవలెను. ఇంటివద్ద సరాసరి 135, 85లకు మించుచున్నచో వైద్యునికి తెలుపవలెను. దడ వచ్చినప్పుడు మాత్రము ఈ నియమములకై వేచియుండక, కూర్చుండి వెంటనే చూడవలెను.

ఈ పట్టీతో రక్తపోటు చూచు ఉపాయమును 1896లో ఇటలీదేశపు వైద్యుడు రీవా-రోచ్చి కనిపెట్టెను. 1905లో రష్యా వైద్యుడు కొరొట్కోవ్, మోచేతి మడతవద్ద ధమనిపై గొట్టముంచి చప్పుడు వినినచో రెండంకెలును తెలియునని చూపెను. నేడు మన వసారాలలోని యంత్రములకు వారే మూలపురుషులు.

ఆరు మాసముల నోటుపుస్తకముతో వేఱొక వైద్యురాలి యొద్దకు పోతిమి. ఆమె ప్రతిపుటయు చదివి, నవ్వక, ప్రశ్నలడిగెను. జలుబునకు ముక్కుదిబ్బడ తగ్గించు మాత్రలు వాడితిరా? దగ్గునకు అతిమధురము చాలకాలము నమలితిరా? ఈ రెండును రక్తపోటు పెంచగలవని అప్పుడే నేనెఱిగితిని. రక్తహీనత, థైరాయిడ్ గ్రంథి మితిమీఱి పనిచేయుట, గుండెలోని విద్యుత్ప్రవాహము దారితప్పుట, తీవ్రమైన భయము, ఇవన్నియు దడకు కారణములు కాగలవట. వీనికి తోడు మఱియొక అరుదైన కారణము కలదని చెప్పెను.

మూత్రపిండములపై టోపీలవలె రెండు అధివృక్క గ్రంథులున్నవి. ఆపద వేళ గుండెను పరుగెత్తించు అడ్రినలిన్ అను రసము అందుండియే పుట్టును. ఆ గ్రంథిలో ఒక గడ్డ పుట్టినచో, ఆపద లేకయే ఆ రసము రక్తములో పొంగవచ్చును. అప్పుడు తలనొప్పి, చెమట, దడ మూడును కలిసి వచ్చును. దీనికి ఫియోక్రోమోసైటోమా అని పేరు. రక్తపోటు గల వేయిమందిలో ఇద్దరు మొదలు ఆరుగురికి మించి ఇది యుండదు. కాని కనిపెట్టినచో శస్త్రచికిత్సతో సాధారణముగా నయమగును.

1886లో జర్మనీదేశపు ఫ్రైబుర్గు నగరమున 18 ఏండ్ల బాలిక యొకతె ఇట్టి దడలతో బాధపడి మరణించెను. ఫ్రాంకెల్ అను వైద్యుడు, ఆమె మరణానంతరము రెండు అధివృక్క గ్రంథులలోను గడ్డలుండినట్లు వ్రాసెను. 1926లో స్విట్జర్లాండున రూ అను వైద్యుడును, అమెరికాలో మేయో అను వైద్యుడును ఇట్టి గడ్డలను తీసి రోగులను బ్రతికించిరి. 2007లో ఆ బాలిక కుటుంబపు సంతతివారిని పరీక్షింపగా, ఇది వంశములో దిగివచ్చు లోపమని తేలినది. నూటయిరువది యేండ్ల పిమ్మట ఆ పిల్ల బాధకు కారణము దొరకినది! ఈ కథ విన్న రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆ యింటను ఎవరైన ఆమెతో "కంగారు తగ్గించుకో" అని యుందురా యని తలపోసితిని.

ఆ గడ్డ ఉన్నదీ లేనిదీ తెలియుటకు ఇరువదినాలుగు గంటల మూత్రమును ఒక డబ్బాలో పట్టవలెను. మడి కట్టుకొను ఇంటిలో ఆ డబ్బా ఎక్కడ పెట్టవలెనని ఎంత చర్చ జరిగినదో మీరే ఊహించుకొనుడు! తుదకు అత్తగారే స్నానాలగది మూల ఒక పీట వేసి, "ఇక్కడ పెట్టుకో అమ్మాయీ, ఎవరూ ముట్టుకోరు" అనిరి.

ఫలితము సరిగానే వచ్చినది. గడ్డ లేదు. థైరాయిడ్, రక్తము సరియే. ఒకదినమంతయు గుండె చప్పుళ్లను వ్రాసికొను యంత్రమును రొమ్మునకు కట్టుకొంటిని. ఆనాడు దడ రాలేదు! సంతోషించుటకు మాఱు నేను ఏడ్చితిని. పేరు గల రోగము వచ్చినను బాగుండునని కోరుకొను దురవస్థ అనుభవించినవారికే తెలియును. అప్పుడు వైద్యురాలు, "పేరు దొరకలేదంటే రోగం లేదని కాదమ్మా. పెద్ద ప్రమాదాలు ప్రస్తుతానికి కనబడలేదని అర్థం. పుస్తకం మానకండి, మళ్ళీ చూద్దాం" అనెను. ఆ మాటయే నాకు మందైనది.

ఇప్పుడు నేను పాటించు నియమములు వ్రాయుచున్నాను. దడ రాగానే చేతిలోని కత్తిపీటయో, కాగుచున్న నూనెయో వదలి కూర్చుందును. మెట్లెక్కను. నెమ్మదిగా ఊపిరి విడుతును. అంకె హెచ్చుగా నున్నదని ఒకరి మాత్ర మఱియొకరు మ్రింగరాదు. రక్తపోటు ఒక్కుమ్మడిగా పడిపోవుటయు ప్రమాదమే. దడ ఉండగనే దగ్గఱనున్న ఆసుపత్రిలో ఈ.సి.జి. తీయించుకొనగలిగినచో అంతకంటె విలువైన సాక్ష్యము లేదు. రొమ్మునొప్పి, మూర్ఛ, మాట తడబడుట, ఒకవైపు చేయి కాలు పట్టు తప్పుట, చూపు మందగించుట, ఊపిరాడకపోవుట, వీనిలో ఏది కలిగినను ఇంటివైద్యము చేయుచు కూర్చుండక 108కి ఫోను చేయవలెను. గర్భిణులకు రక్తపోటు పెరిగినచో ఒక్కపూటయు ఆలసింపరాదు. ఉప్పు దినమునకు మనిషికి 5 గ్రాములు, అనగా ఒక చెంచా, మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఆవకాయ, అప్పడములలోనిది కూడ ఆ చెంచాలోనిదే! ఉప్పు తగ్గించుటచే నా దడ ఆగలేదు. కాని మావారి రక్తపోటు తగ్గినది.

ఇక నా బిడ్డ సంగతి. మా అమ్మాయికి ఎనిమిదేండ్లు. దానికి తెలియరాదని దడ వచ్చినప్పుడెల్ల గదిలోనికి పోయి తలుపు వేసికొనుచుంటిని. గడచిన మాఘమున నొకనాడు, అది ఆటకు పోవుట ఏల మానినదని అడిగితిని. "నేను లేనప్పుడు నీకు వస్తే తలుపెవరు తీస్తారమ్మా?" అనెను. తలుపు వెలుపల కూర్చుండి, నేను వచ్చువఱకు అంకెలు లెక్కపెట్టుకొనుచుండెడిదట. ఒకమారు రెండువేలు దాటినదని చెప్పెను.

నాటినుండి మా యింట తలుపు వేయుట లేదు. యంత్రపు మీట నొక్కుట, అంకెలు వ్రాయుట, ఎవరిని పిలువవలెనో ఆ నంబరు, అన్నియు దానికి నేర్పితిమి. భయము తగ్గి మరల ఆటకు పోవుచున్నది. అత్తగారు ఇప్పటికిని దిష్టి తీయుదురు. తీసిన పిమ్మట పట్టీ కూడ తామే కట్టుదురు. ఆడబిడ్డ మొన్న పండుగకు వచ్చి, నేనడుగకయే కత్తిపీట తన ముందుకు లాగుకొన్నది. దడ మాత్రము అప్పుడప్పుడు వచ్చుచునే యున్నది.

సోదరీమణులారా! మీ యింట కోడలో, తోడికోడలో, ఆడబిడ్డయో ఇట్లు చెప్పినచో, పని తప్పించుకొనుటకని తలపకుడు. ఒక నోటుపుస్తకమునకు గీతలు గీసి యిండు. ఇట్టి బాధ మీకే యున్నచో, తలుపు వేసికొనకుడు.

వచ్చు మాసము చలికాలపు పథ్యములను గూర్చి ముచ్చటించుకొందము.