బట్టీ పడితే పలుకుబడి వస్తుందా?

పోటీ పరీక్షలకు చదివే పిల్లల చేతుల్లో ఇంగ్లీషు జాతీయాల గైడు ఉంటోంది. ఎడమవైపు మాట, కుడివైపు అర్థం. ‘పీస్ ఆఫ్ కేక్’ అంటే చాలా తేలికైన పని, ‘వన్స్ ఇన్ ఎ బ్లూ మూన్’ అంటే ఎప్పుడో ఒకసారి.. ఇలా వందల కొద్దీ బట్టీ పట్టేస్తున్నారు. స్టాఫ్ సెలెక్షన్ కమిషన్ పరీక్షల్లో నాలుగు ఆప్షన్లిచ్చి అడుగుతారు కాబట్టి మార్కు పడుతుంది. అదే మాటను నలుగురిలో వాడమంటే మాత్రం నోరు పెగలదు.

కర్ణాటక ప్రభుత్వ బడుల్లో 2007 నుంచి ఒకటో తరగతిలోనే ఇంగ్లీషు చెబుతున్నారు. పదేళ్లు చదివినా ఈ పరిస్థితి ఎందుకు?

నిజానికి రాయచూరు జిల్లా సిరవార తాలూకా కవితాళ ప్రాంతం పిల్లలకు ఇదంత కష్టం కాకూడదు. 1953లో తుంగభద్ర డ్యామ్‌కు నీళ్లొచ్చాక, ఎడమ కాలువను నమ్ముకుని కోస్తా రైతులు మాన్వి, సింధనూరు వైపు వచ్చి క్యాంపులు కట్టుకున్నారు. 1956లో రాయచూరు మైసూరు రాష్ట్రంలో కలిసింది. ఈ తెలుగు ఇళ్లలో పిల్లలకు ఇంట్లో తెలుగు, బజార్లో కన్నడ. రెండు భాషల పలుకుబడి చిన్నప్పటి నుంచే చెవిన పడుతుంది. గైడు ఆ రెంటినీ పక్కన పెట్టించి, మూడోదాన్ని గాల్లో నిలబెడుతోంది.

రైతు మాట ఎక్కడైనా ఒకటే

‘మేక్ హే వైల్ ద సన్ షైన్స్’ సంగతే చూడండి. ఎండ ఉండగానే గడ్డి ఎండబెట్టుకో అన్నది అక్కడి రైతు మాట. కన్నడ రైతు ‘గాళి బందాగ తూరికో’ అంటాడు. గాలి వచ్చినప్పుడే తూర్పార పట్టుకోవాలి. మన పెద్దవాళ్లు ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అంటారు. కళ్లంలో గాలి కోసం ఎదురుచూసిన కుటుంబాల పిల్లలకు ఇంతకన్నా వివరణ కావాలా? ‘యాడ్ ఫ్యూయల్ టు ద ఫైర్’ కూడా అంతే. తెలుగులో అగ్నికి ఆజ్యం పోస్తాం, కన్నడలో ‘ఉరియువ బెంకిగె తుప్ప’ పోస్తారు. తుప్పమన్నా ఆజ్యమన్నా నెయ్యే. మొసలి కన్నీరైతే మూడు భాషల్లోనూ మొసలిదే.

‘కీప్ యాన్ ఐ ఆన్ ద బ్యాగ్’ బస్టాండులో రోజూ పనికొచ్చే మాట. ‘సంచి మీద ఓ కన్నేసి ఉంచు’ అనడం తెలిసినవాడికి దీన్ని బట్టీ పట్టాల్సిన పనే లేదు.

అన్నీ అతకవు

అలాగని ప్రతిదీ మాటకు మాట మారిస్తే బోల్తా పడతారు. తెలుగులో ‘నా తల తినకు’ అంటాం, కన్నడలో ‘తలె తిన్నబేడ’ అంటారు. రెండూ కలిశాయి కదా అని ‘డోంట్ ఈట్ మై హెడ్’ అంటే మన దేశంలో చెల్లుతుందేమో గానీ బయటివాళ్లు తెల్లమొహం వేస్తారు. వాళ్లకు ‘బైట్ సమ్‌వన్స్ హెడ్ ఆఫ్’ అని ఒకటుంది. దానర్థం విసిగించడం కాదు, ఎదుటివాడి మీద కస్సున లేవడం.

ఎవరితో ఏది అనాలో గైడు చెప్పదు. ‘కిక్ ద బకెట్’ ఎదురుగా ‘చనిపోవు’ అని ఉంటుంది. అది వేళాకోళంగా అనే మాట. తాత పోయాడని సెలవు చీటీలో రాస్తే ఎంత అమర్యాద! ‘రెయినింగ్ క్యాట్స్ అండ్ డాగ్స్’ కూడా పాతబడింది. కుండపోత వానకు ఇప్పుడు ‘ఇట్స్ పోరింగ్’ అనేస్తే చాలు.

దీనికి పెద్ద ఖర్చేమీ అక్కర్లేదు. ఒక నోటుబుక్కులో నాలుగు గళ్లు గీస్తే సరిపోతుంది. ఇంగ్లీషు మాట, కన్నడ మాట, తెలుగు మాట, నాలుగో గడిలో ఎవరితో ఎప్పుడు అనాలన్నది. మొదటి గడి టీచరు నింపిస్తారు, రెండోది తోటి పిల్లలు చెబుతారు. మూడోది ఇంట్లో నానమ్మనో తాతయ్యనో అడగాలి. అసలు లాభం అక్కడే ఉంది. ఇక్కడి బడిలో తెలుగు చదవని పిల్లలకు ఇంటి మాటే ఆధారం. ‘నల్లేరు మీద బండి నడక’ అంటే ఏంటని అడిగితే చెప్పేవాళ్లు ఇంకా ఇళ్లలో ఉన్నారు. వాళ్లుండగానే అడిగి రాసుకోవాలి. ‘పీస్ ఆఫ్ కేక్’ ఎప్పుడైనా గైడులో దొరుకుతుంది. నల్లేరు అలా దొరకదు.