టికెట్‌ మీది గంటంబావు

హైదరాబాద్‌ నుంచి విశాఖపట్నానికి విమానంలో ఎంతసేపు? గంటంబావు, మహా అయితే గంటా ఇరవై నిమిషాలు అంటుంది టికెట్‌. రెండు ఊళ్ల మధ్య గాలిదారిన దూరం సుమారు 510 కిలోమీటర్లు. జెట్‌ వేగానికి అది ముప్పావుగంట పని. మిగతా సమయం రన్‌వే దాకా నెమ్మదిగా కదలడానికి, వరుసలో ఆగడానికి, దిగాక గేటు చేరడానికి పోతుంది. ఆలస్యమైందన్న మాట పడకుండా విమాన సంస్థలు ముందుజాగ్రత్తగా కలుపుకునే నిమిషాలూ అందులోనే ఉంటాయి.

ప్రయాణికుడి లెక్క మాత్రం ఇంటి గుమ్మం దగ్గర మొదలవుతుంది. కూకట్‌పల్లి మనిషికి శంషాబాద్‌ గంట దూరం, ట్రాఫిక్‌ ఉంటే గంటన్నర. కౌంటరు గంట ముందే మూసేస్తారు కనుక ఇంకాస్త ముందే చేరాలి. అటు దిగాక సామాను, క్యాబ్‌. అన్నీ కలిపితే దాదాపు అయిదు గంటలు. అందులో గాలిలో గడిపింది ఆరో వంతు.

బేగంపేటకు సెలవిచ్చి విమానాలు శంషాబాద్‌కు మారింది 2008 మార్చిలో. సుమారు నెల ముందు స్పెయిన్‌లో మాడ్రిడ్‌–బార్సిలోనా హైస్పీడ్‌ రైలు మొదలైంది. ఆ ఊళ్ల మధ్య నేరు దూరం కూడా 500 కిలోమీటర్ల పైచిలుకే. పట్టాల మీద 621 కిలోమీటర్లను వేగమైన బండి రెండున్నర గంటల్లో దాటేస్తుంది. ఊరి నడిబొడ్డున ఎక్కి నడిబొడ్డున దిగొచ్చు. అప్పటిదాకా విమానాలకే అలవాటుపడ్డ జనంలో ఎక్కువమంది రైలుకు మళ్లారు.

మనకు 2023 సంక్రాంతికి వందేభారత్‌ వచ్చింది. సికింద్రాబాద్‌ నుంచి విశాఖకు 699 కిలోమీటర్లు, ఎనిమిదిన్నర గంటలు. సగటు వేగం గంటకు 82 కిలోమీటర్లే. పగలంతా అందులోనే గడిచిపోతుంది. దీనికన్నా గోదావరి ఎక్స్‌ప్రెస్‌ నయమంటాను. బెర్తు మీద నిద్రపోయిన రాత్రిని ప్రయాణం ఖాతాలో ఎవరు రాస్తారు? అదే వందేభారత్‌ సగటు 140కి చేరితే రైలుకూ అయిదు గంటలే పడుతుంది. స్పెయిన్‌ బండిలా 300 వేగంతో దూసుకుపోనక్కర్లేదు. కానీ పట్టాల మీద ఖర్చుపెట్టాలి, వంపులు సరిచేయాలి. రిబ్బన్‌ కత్తిరించడానికి అనువైన పని కాదది.

విమానాశ్రయానికి రైలు వేసే పనిలోనూ అంతే. శంషాబాద్‌ మెట్రోకు 2022 డిసెంబరులో శంకుస్థాపన చేశారు. ప్రభుత్వం మారింది, ప్రతిపాదిత మార్గమూ మారింది.

విశాఖకు ఇన్నాళ్లూ ఉన్న సౌకర్యం, విమానాశ్రయం ఊళ్లోనే ఉండటం. అది నౌకాదళానిది, పౌర విమానాలకు అక్కడ పరిమితులున్నాయి, కాబట్టి భోగాపురంలో కొత్త విమానాశ్రయం అవసరాన్ని కాదనలేం. అయితే అది నగరానికి 45 కిలోమీటర్ల అవతల ఉంది. విమానాలన్నీ అక్కడికి తరలితే గాజువాక కార్మికుడికో, స్టీల్‌ప్లాంట్‌ ఇంజినీరుకో హైదరాబాద్‌ మరో గంట దూరం జరుగుతుంది. టికెట్‌ మీద మాత్రం గంటంబావు గంటంబావుగానే ఉంటుంది.