మన దఫ్తరు ఎవరికి తెరుచుకొనును?

పూర్వ సంచికలలోని కొన్ని రచనలను ఈ యేడు తిరిగి ప్రచురింపవలెనని సంపాదక వర్గము తలచినప్పుడు మేము బీరువా తెరచి రెండు వస్తువులను బయటకు తీసితిమి. ఒకటి చాల పాత సంచిక. అంచులు పసుపువారినవి, కుట్టు ఊడినది, కాని అక్షరము చెక్కుచెదరలేదు. రెండవది ఎంతో తరువాతి సంచిక తాలూకు సీ.డీ. అందున్న తెలుగు విభాగము తెరువగా తెరనిండ ఆంగ్లాక్షరములు, ఆశ్చర్యార్థకములు, ఏవేవో గుర్తులు. ఉర్దూ విభాగము అసలు తెరుచుకొననే లేదు. చూచుచున్న విద్యార్థులు నవ్విరి. మాకు నవ్వు రాలేదు.

ప్రెస్సువారిని నిందించుట అన్యాయము. వారు ఆనాడు అందరును చేసిన పనినే చేసిరి. యూనికోడ్ అను అంతర్జాతీయ సంకేతమున తెలుగునకు 1991లోనే స్థానము లభించినను, సామాన్యుని విండోస్ కంప్యూటరులో తెలుగు కుదురుకొన్నది 2001లో ఎక్స్‌పీ, దానితో గౌతమి ఫాంటు వచ్చిన పిమ్మటనే. అంతవరకును, నిజమునకు ఆ తరువాత కూడ చాలకాలము, అచ్చుపని ఒక ఉపాయముతో సాగినది. ఆంగ్లాక్షరముల స్థానములలో మన లిపి ముక్కలను, తలకట్టు నొకచోట, కొమ్ము నొకచోట, వత్తు నొకచోట అమర్చిరి. కంటికి కనబడునది తెలుగు. కంప్యూటరు దాచుకొన్నది ఆంగ్ల సంకేతము. ఆ ఫాంటు లేనిచోట ముసుగు తొలగి ఆ సంకేతమే బయటపడును. పైగా ఒక కంపెనీ అమరిక మరియొకదానికి పొసగదు. ఆ పుటలు కూర్చిన పేజ్‌మేకరుకు 2001 నాటి 7.0 కూర్పే కడపటిది. ఉర్దూ కథయు ఇట్టిదే. 1994లో వచ్చిన ఇన్‌పేజ్ కాతిబుల నస్తాలీఖు సొగసును తెరమీదకు తెచ్చినది గాని, ఆనాటి ఫైలు చదువుటకు మరల ఇన్‌పేజే కావలెను.

ఆఫీసు సాఫ్ట్‌వేరు కూర్పులు మారుటయే ఈ చిక్కులన్నిటికిని మూలమని పలువురు తలంతురు. కొంత నిజమే. ఎక్సెల్ 2003 వరకు ఒక పట్టికకు 65,536 వరుసలే. 2007 కూర్పు నుండి 10,48,576. 2020లో ఇంగ్లండున కరోనా సోకినవారి లెక్కలను పాత రూపపు ఫైలులోని కెక్కింపగా, పట్టిక నిండిపోయి 15,841 మంది వివరములు సకాలమున లెక్కకు రాలేదు. అయినను మన కళాశాల పాత ప్రవేశ పట్టికలు నేటి ఎక్సెల్‌లోను, ఉచితముగా లభించు లిబ్రే ఆఫీసులోను చక్కగా తెరుచుకొన్నవి. మార్కులు, మొత్తములు, తేదీలు అన్నియు పదిలము. తేదీల మాట వచ్చినది గనుక ఒకటి చెప్పవలెను. 1983లో వెలువడిన లోటస్ 1-2-3 పట్టిక, 1900వ సంవత్సరమును పొరపాటున లీపు సంవత్సరముగా గణించినది. లోటస్ లెక్కలు తనయందు చెడకుండుటకై ఎక్సెల్ తెలిసి తెలిసి ఆ తప్పును స్వీకరించినది. లోకమున ఎన్నడును రాని 1900 ఫిబ్రవరి 29వ తేదీ ఎక్సెల్‌లో నేటికిని కలదు. వ్యాపారుల లెక్కకోసము తప్పును సైతము నలువది యేండ్లు కాపాడిరి. అదే పట్టికలో, పక్క గడిలో, పాత ఫాంటున వ్రాసిన మన పిల్లల తెలుగు పేర్లను కాపాడినవారు లేరు.

ఆ పేర్లను అకారాది క్రమమున పెట్టుమన్న ఆంగ్ల సంకేతముల వరుసలో చెదరిపోవును, వెదకిన దొరకవు. అవే పేర్లు యూనికోడ్‌లో వ్రాసిన పఠాన్, షేక్, సయ్యద్ అని మన వర్ణమాల వరుసన బుద్ధిగా నిలుచును. తరగతిలో సగము మంది షేక్‌లే అగుట వేరు సంగతి. పల్నాటి ఆ చిక్కును ఏ కంప్యూటరును తీర్పజాలదు.

పాత ఫాంటుల అచ్చు అందమును, పని వేగమును మేము కాదనము. కంపోజింగు చేయువారిని చేతికి అలవాటైన కీబోర్డు మార్చుకొమ్మనుట వారి కూలిమీద దెబ్బ. మేము కమిటీ పెద్దలను కోరునది స్వల్పము. ప్రెస్సులో ఏ ఫాంటున కూర్చినను, బిల్లు చెల్లించుటకు ముందు యూనికోడ్ ప్రతిని గూడ పుచ్చుకొనవలెను. విద్యార్థుల పేర్లు ఏ లిపిలోనైనను యూనికోడ్‌లోనే ఎక్కింపవలెను. 2006లో అంతర్జాతీయ ప్రమాణముగా గుర్తింపబడిన ఓపెన్ డాక్యుమెంట్ రూపమున ఒక ప్రతి, కాగితముమీద ఒక ప్రతి దాచవలెను. ఇది కంప్యూటరు ఆపరేటరు పనియని త్రోసిపుచ్చరాదు. దఫ్తరు అను మాట ఫార్సీనుండి ఉర్దూకును తెలుగునకును వచ్చినది. దానిని కాపాడు పూచీయు రెండు విభాగములది.

ఆ సీ.డీ. నాటి సంచిక అచ్చుప్రతి గ్రంథాలయమున ఒక్కటే మిగిలినది. ఇద్దరు విద్యార్థినులు దానిని ముందుంచుకొని తెలుగు పుటలను మరల టైపు చేయుచున్నారు; పదునాలుగు పుటలైనవి. ఉర్దూ పుటలకు ఇంకను ఎవరును ముందుకు రాలేదు.