మాట వినిపించే టీవీ కావాలి

దీపావళి సెలవుల్లో మాలో ఒకరింట్లో కొత్త టీవీ కొన్నారు. 55 అంగుళాలది, 4కె. భేస్తాన్‌లో ఉన్న తెలుగు పిల్లలం ఐదుగురం ఆదివారం చూడ్డానికి వెళ్లాం. క్వార్టర్స్ హాల్లో ఆ గోడకి ఇంక క్యాలెండర్ పెట్టే చోటు కూడా మిగల్లేదు. మొదట చిలకలు, జలపాతాలు ఉన్న వీడియో వేశారు. చిలక ఈకలు లెక్కపెట్టొచ్చు అన్నట్టుంది. తర్వాత తెలుగు సినిమా పెట్టారు. పది నిమిషాలు చూసి నానమ్మగారు "బొమ్మ బాగానే ఉందిరా, మాటే అందట్లేదు" అన్నారు.

ఆవిడకి చెవి సరిగ్గా వినపడదేమో అనుకుని సౌండు పెంచారు. అంతలో ఫైటింగ్ వచ్చింది, పక్కింటి ఆంటీ తలుపు కొట్టారు. తగ్గిస్తే మాటలు మళ్లీ గొణుగుడే. నిజం చెప్పాలంటే మాకూ సగం మాటలు అందలేదు. కింద వచ్చే ఇంగ్లీషు సబ్‌టైటిల్స్ చదువుకుంటున్నాం కాబట్టి ఆ సంగతి మాకు తెలియలేదు, అంతే. నానమ్మగారికి ఇంగ్లీషు రాదు, అందుకే ఆవిడకి తెలిసింది.

అప్పటినుంచి స్కూలు బస్సులో మా మధ్య ఇదే చర్చ. మేము తేల్చుకున్నది ఇది: మనలాంటి ఇళ్లలో టీవీ కొనేటప్పుడు ముందు చెవితో ఎంచుకోవాలి, కన్ను సంగతి ఆ తర్వాత. ఈ మాటకి మాలోనే ఒకరు ఇంకా ఒప్పుకోలేదు. అతనికి క్రికెట్ పిచ్చి.

బొమ్మ సంగతే ముందు చూద్దాం, ఎందుకంటే షాపులో అందరూ చెప్పేది దాని గురించే. హెచ్‌డీ రెడీ అంటే సాధారణంగా అడ్డంగా 1,366, నిలువుగా 768 చుక్కలు. ఫుల్ హెచ్‌డీ అంటే 1,920, 1,080. 4కె అంటే 3,840, 2,160. గుణిస్తే ఫుల్ హెచ్‌డీలో దాదాపు 20 లక్షల 74 వేల చుక్కలు, 4కెలో దానికి సరిగ్గా నాలుగు రెట్లు. వినడానికి గొప్పగానే ఉంది. కానీ అన్ని చుక్కలూ మన కంటికి ఆనతాయా?

పదో తరగతిలో త్రికోణమితి చదువుతున్నాం కదా, ఒకసారి పనికొచ్చింది. మంచి చూపున్న కన్ను ఒక డిగ్రీలో 60వ వంతు కోణం దాకా రెండు చుక్కల్ని విడివిడిగా చూడగలదు. మా క్వార్టర్స్‌లో సోఫాకీ గోడకీ మధ్య ఎనిమిది అడుగులు. ఆ దూరంలో ఆ కోణం విలువ సుమారు 0.7 మిల్లీమీటర్లు. 43 అంగుళాల ఫుల్ హెచ్‌డీ టీవీలో ఒక్కో చుక్క వెడల్పు దాదాపు 0.5 మిల్లీమీటర్లు. 55 అంగుళాల ఫుల్ హెచ్‌డీలో 0.63. అంటే ఎనిమిది అడుగుల నుంచి చూస్తే 55 అంగుళాల్లో కూడా ఫుల్ హెచ్‌డీ చుక్కల్నే మన కన్ను విడదీయలేదు. 4కె చుక్క అందులో సగం. ఆ అదనపు 62 లక్షల చుక్కలు ముక్కు ఆనించి చూసేవాళ్లకే. లెక్క రెండుసార్లు వేశాం, మా లెక్కల సార్‌కి కూడా చూపించాం.

పైగా వచ్చే బొమ్మలో అంత వివరం ఉండాలి కదా. సాధారణ చానల్ బొమ్మలో నిలువున ఉండేవి 576 గీతలే. మిగతావి టీవీ తానే ఊహించి నింపుకుంటుంది. సూరత్‌లో డిష్ కనెక్షన్ తీసుకుంటే మామూలుగా హిందీ, గుజరాతీ ప్యాక్ ఇస్తారు. తెలుగు చానళ్లు విడిగా అడగాలి, వాటి హెచ్‌డీ కావాలంటే ఇంకోసారి అడిగి, ఇంకాస్త కట్టాలి. చాలా ఇళ్లలో అది అడగనే అడగరు. దాంతో 4కె టీవీలో ఎస్‌డీ తెలుగు వార్తలు చూస్తూ "బొమ్మ మసగ్గా ఉందేంటి" అని రిమోట్‌ని కొడుతుంటారు.

బొమ్మలో మనం నిజంగా చూడాల్సినవి వేరే ఉన్నాయి. చీకటి సీనులో నలుపు నల్లగా ఉందా, బూడిద రంగులో ఉందా? పక్కనుంచి చూస్తే రంగులు వెలిసిపోతున్నాయా? మా ఇళ్లలో ఎదురుగా కూర్చునేది నాన్న ఒక్కరే, మిగతా అందరం పక్కల నుంచీ వంటింటి గుమ్మం నుంచీ చూసేవాళ్లమే. ఐపీఎస్ రకం ప్యానెల్ పక్కలకి బాగుంటుంది, వీఏ రకంలో నలుపు బాగుంటుంది. పెట్టె మీద రాయకపోయినా అడిగితే చెప్పాలి. షాపులో టీవీని కళ్లు జిగేల్‌మనే మోడ్‌లో పెడతారు, ఆ రంగుల్ని నమ్మొద్దు. ఒక పెన్‌డ్రైవ్‌లో మీకు బాగా తెలిసిన సినిమా ముక్క తీసుకెళ్లి, మోడ్ మామూలుగా మార్పించి చూడండి. మేమైతే 1957 నాటి "మాయాబజార్" నలుపు తెలుపుదే తీసుకెళ్తాం. నలుపు ఎంత నలుపో అందులో వెంటనే తెలిసిపోతుంది. ఇంకో పరీక్ష కూడా ఉంది: పాత సినిమా బొమ్మ ఇప్పటి టీవీ అంత వెడల్పు ఉండదు, దాన్ని సాగదీసి చూపిస్తే ఎస్.వి. రంగారావు గారి ఘటోత్కచుడు తలుపులో పట్టడు. సైజు సరిచేసే మీట రిమోట్‌లో ఎక్కడుందో కొనకముందే కనుక్కోవాలి.

ఇక అసలు సంగతి, ధ్వని. 1982లో దూరదర్శన్ రంగుల్లోకి వచ్చినప్పటి టీవీలు పెట్టెల్లా లోతుగా ఉండేవి. స్పీకరు పట్టేంత చోటుండేది, చాలావాటిలో అది మనవైపే చూస్తుండేది. ఇప్పటి టీవీ పలకంత పల్చన. స్పీకర్లు చిన్నవి, ఎక్కువగా కిందకో వెనక్కో తిరిగి ఉంటాయి. మాట ముందు గోడకో బల్లకో తగిలి, తర్వాత మన దగ్గరికి వస్తుంది. అచ్చులు ఎలాగోలా వచ్చేస్తాయి. స, శ, చ లాంటి హల్లుల్ని గుర్తుపట్టించే సన్నని శబ్దం ఎక్కువ ఆవృత్తిలో ఉంటుంది, అదే దారిలో పోతుంది. భేస్తాన్‌లో పక్కనే ముంబై లైను, అటువైపు పాండేసరా మిల్లులు. ఉన్న కాస్త మాట రైలు హారన్‌లో కలిసిపోతుంది.

పెట్టె మీద 20 వాట్లు, 40 వాట్లు అని రాస్తారు. వాట్లు రెట్టింపైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్సే, అది చెవికి చిన్న తేడా. డాల్బీ ముద్ర ఉంటే ఆ పద్ధతిలో వచ్చిన ధ్వనిని టీవీ చదవగలదని అర్థం, స్పీకరు మంచిదని కాదు. షాపులో టీవీ వెనక్కి తిరిగి నిలబడి, బొమ్మ చూడకుండా తెలుగు వార్తలు వినండి. సౌండు సగానికి తగ్గించి వినండి. ప్రతి మాటా అందితే అది మంచి టీవీ. సేల్స్‌మన్ నవ్వుతాడు, నవ్వనీయండి.

ఇంత పట్టు ఎందుకంటే, మాకు టీవీ ఉత్త వినోదం కాదు. నాన్నలకి మూడేళ్లకో నాలుగేళ్లకో బదిలీ. మాలో ఒకరు ఇంతకుముందు భోపాల్‌లో, ఒకరు గువాహటిలో చదివారు. సూరత్‌లో తెలుగుకి కొదవ లేదు. మగ్గాల పనికి తెలంగాణ నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి, నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమం బడులు కూడా నడుపుతోంది. కానీ మా బడిలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం. తెలుగు చదవడం ఇంట్లో అమ్మ దగ్గర నేర్చుకున్నదే. చదివితే చాలు అనుకునేవాళ్లం. చాలదు. "చాప"లో చ వేరు, "చీమ"లో చ వేరు. "జొన్న"లో జ వేరు, "జీతం"లో జ వేరు. రాయడానికి అక్షరం ఒకటే. ఆ తేడా పుస్తకంలో దొరకదు, వింటేనే వస్తుంది. మేము చాపనీ చీమనీ ఒకేలా పలుకుతున్నామని వేసవిలో ఊరెళ్తే మా కజిన్స్ నవ్వారు. "కళ"ని "కల" అంటున్నామని కూడా నవ్వారు. గుజరాతీలో ళ ఉంది, మా గుజరాతీ స్నేహితులు దాన్ని చక్కగా పలుకుతారు. రోజంతా హిందీలో మాట్లాడే మాకే నాలుక తిరగడం మానేసింది.

మరి ఇంట్లో అమ్మానాన్నలు కాకుండా మాకు రోజూ తెలుగు మాట్లాడేది ఎవరు? టీవీయే. అది గొణిగితే మేమూ గొణుగుతాం.

క్రికెట్ మిత్రుడి అభ్యంతరం: బంతి కనపడాలంటే పెద్ద తెర కావాలి. కాదనం. 2025 సెప్టెంబరు 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీల మీద జీఎస్టీ 28 శాతం నుంచి 18కి తగ్గింది, అందుకే ఈ దీపావళికి అందరి చూపూ పెద్దవాటి మీదే. కానీ బదిలీ వచ్చినప్పుడు దాన్ని మోసేదెవరు? పల్చని తెరని నిలబెట్టే తీసుకెళ్లాలి, పడుకోబెడితే ట్రక్కు కుదుపుకి పగలొచ్చు. అట్టపెట్టె, థర్మకోల్ నాలుగేళ్లు దాచాలి. 43 అంగుళాల పెట్టె మంచం వెనక నిలబడుతుంది. 55ది వరండాలో పెట్టి, వాన పడినప్పుడల్లా కప్పుతున్నారు, చూశాం. మా మాటల్లా, చుక్కలకి పెట్టే డబ్బులో కొంత తగ్గించి ఒక సౌండ్‌బార్ కొనండి. టీవీకి ఏఆర్‌సీ అని రాసి ఉన్న హెచ్‌డీఎంఐ రంధ్రం ఉందో లేదో మాత్రం చూసుకోండి. అది ఉంటే ఒక్క వైరుతో పని అయిపోతుంది, టీవీ రిమోట్‌తోనే సౌండు మారుతుంది.

నానమ్మగారింట్లో చివరికి అదే చేశారు, చిన్నదే కొన్నారు. పోయిన ఆదివారం మళ్లీ వెళ్లాం. సబ్‌టైటిల్స్ తీసేసి చూశాం. మధ్యలో మాలో ఒకడు ఒక డైలాగ్‌ని తిరిగి చెప్పబోతే నానమ్మగారు ఆపి, ఆ మాట సరిగ్గా మళ్లీ పలికించారు. మూడోసారికి వచ్చింది. తర్వాత రిమోట్ తీసుకుని, ఆవిడే సౌండు రెండు పాయింట్లు తగ్గించారు.