బాడుగ పనికి అప్పు చేయాలా?

కె.సి. కాలువ కింద నంద్యాల, ఆళ్లగడ్డ ప్రాంతాల రైతు ముందు నేడొక ప్రశ్న ఉంది: చిన్న ట్రాక్టరు కొనాలా, జె.సి.బి. కొనాలా? “జె.సి.బి. ఉంటే ఊరంతా పిలుస్తారు, అప్పు అదే తీరుతుంది” అని ఆశ. లెక్క వేరు.

దుక్కి, గుంటక, మందు కొట్టడం, ధాన్యం తోలడం ట్రాక్టరు పనులు. చిన్న మట్టి పనికి దాని వెనుక బ్లేడు చాలు. గెనాలు, పూడిక ఏటా కొద్దిరోజుల పని. ఏడెనిమిది టన్నుల జె.సి.బి. తడి రేగడిలో దిగితే నేల బిగుసుకుపోతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యవసాయ ట్రాక్టర్లపై జి.ఎస్.టి. 12 నుంచి 5 శాతానికి తగ్గింది, జె.సి.బి.పై 18 శాతం. అయినా అయిదెకరాలు ట్రాక్టరుకే చాలవు; ఇరుగుపొరుగు చేలకూ తోలాల్సిందే.

కనుక తవ్వకానికి బాడుగే మేలు. అయితే కాలువకు నీళ్లొచ్చే ముందు అందరికీ ఒకేసారి అవసరం. యజమాని చెప్పిందే ధర. ఒక్కొక్కరుగా పోతే నష్టం, పదిమంది కలిసి ముందే మాట్లాడుకుంటే ధర దిగుతుంది. 1997 చట్టం కింద ఏర్పడిన నీటి సంఘాలు పంట కాలువల పూడికను నీళ్లు రాకముందే తీయించాలి. అందుకు ప్రభుత్వం నిధులివ్వాలి. రైతులు కలిసికట్టుగా అడగనిదే ఏదీ రాదు.