టీ కొట్టులో స్పీకరు డబ్బా

టీ గ్లాసుల పక్కన చిన్న డబ్బా. డబ్బు పడగానే ఎంత పడిందో తెలుగులో గట్టిగా చెబుతుంది. రద్దీ వేళ ఫోన్ తీసి చూసుకునే తీరిక కొట్టతనికి ఉండదు. పాత స్క్రీన్‌షాట్ చూపించి జారుకునేవాళ్లకూ కొదవ లేదు. ఆ అవసరమే ఇప్పుడు పేటీఎం, ఫోన్‌పేలకు నెలనెలా అద్దె తెచ్చిపెడుతోంది.

మొదట్లో అనుకున్న దారి ఇది కాదు. 2016 నవంబరు 8న పెద్ద నోట్లు రద్దయ్యాక జనం పేటీఎం వాలెట్‌కు ఎగబడ్డారు. అదే ఏడాది వచ్చిన యూపీఐ, ఖాతా నుంచి ఖాతాకే డబ్బు పంపించి వాలెట్‌ను పక్కకు నెట్టేసింది. 2020 జనవరి నుంచి యూపీఐపై వ్యాపారి కట్టే రుసుమునూ కేంద్రం ఎత్తేసింది. చిల్లర వర్తకుడికి మేలే. యాప్‌కు మాత్రం పని బారెడు, కమీషన్ సున్నా.

ఈ రంగంలో కంపెనీల వ్యూహాన్ని ఇన్వెస్టర్ల కంటే సర్కారు సర్క్యులర్లే ఎక్కువ దిద్దుతున్నాయి.

కమీషన్ లేదు కనుకే, ఆదాయం కోసం డబ్బా అద్దె, బీమా, కొట్టు వాళ్లకు అప్పులు. (అప్పిచ్చేది బ్యాంకో ఫైనాన్స్ సంస్థో, యాప్‌ది మధ్యవర్తి వాటా.) నిబంధనల దెబ్బ అక్కడితో ఆగలేదు. 2024 జనవరి 31న పేటీఎం పేమెంట్స్ బ్యాంకుపై రిజర్వు బ్యాంకు ఆంక్షలు విధించడంతో, యూపీఐ సేవల కోసం పేటీఎం వేరే బ్యాంకుల తలుపు తట్టాల్సి వచ్చింది.